గురుడి ధ్రువాల మీద డెబ్భై ఏళ్ల కాపలా

1955 తొలి నెలల్లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, సెనెకా అనే పల్లె దగ్గర 96 ఎకరాల పొలం నిండా గుంజలూ తీగలూ పరుచుకుని ఉండేవి. పైనుంచి చూస్తే పెద్ద గుణకారపు గుర్తు. అది రేడియో టెలిస్కోప్. దాన్ని నడిపేవాళ్లు కార్నెగీ సంస్థలో పనిచేసే ఇద్దరు యువ శాస్త్రవేత్తలు, బెర్నార్డ్ బర్క్, కెన్నెత్ ఫ్రాంక్లిన్. 22.2 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని జల్లెడ పట్టాలని వాళ్ల ఉద్దేశం. యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ముందుగా పీత నీహారికని ఎంచుకున్నారు. రేడియోలో అది బాగా వినబడుతుంది.

కాగితపు చుట్ట కదులుతూ ఉంటే సిరా కలం గీత గీసుకుంటూ పోతుంది. నీహారిక నెత్తిమీదికి వచ్చినప్పుడు గీత నున్నగా పైకి లేచి, మళ్లీ నున్నగా దిగుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ కొన్ని రాత్రుళ్లు, నీహారిక దాటిపోయిన కాసేపటికి, కలం పూనకం వచ్చినట్టు పైకీ కిందికీ కొట్టుకునేది. పొలంలో పనిచేసే మనిషెవరో రాత్రి పొద్దుపోయాక పాత బండి వేసుకుని ఇంటికి పోతున్నాడనీ, దాని ఇగ్నిషన్ సరిగ్గా లేక ఈ గోల పుడుతోందనీ అనుకున్నారు. తీరా రికార్డులన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే, ఆ గోల రోజుకి నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుగుతోంది. నక్షత్రాలు ఉదయించే తీరు అది. బండి తోలేవాడు నక్షత్రాల టైము ప్రకారం ఇంటికి పోడు కదా!

సహోద్యోగి హోవార్డ్ టాటెల్ గురుగ్రహం పనేమో చూడమని నవ్వులాటకి అన్నాడు. ఆ మాట తప్పని తేల్చేద్దామని ఫ్రాంక్లిన్ గ్రహస్థితుల పుస్తకం తెరిచాడు. గురుడు సరిగ్గా అక్కడే ఉన్నాడు. యురేనస్ కూడా ఆ దగ్గర్లోనే ఉండటంతో కొంచెం అనుమానం మిగిలింది. రోజులు గడిచేకొద్దీ ఆ సంకేతం నక్షత్రాల మధ్య గురుడి వెంటే జరగడంతో అదీ తీరిపోయింది. ఏప్రిల్ 6న ప్రిన్స్‌టన్‌లో జరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుల సమావేశంలో ఇద్దరూ ఈ సంగతి ప్రకటించారు. భూమి కాకుండా మరో గ్రహం రేడియోలో మాట్లాడటం మనిషి వినడం అదే మొదలు.

నిజానికి కొన్నేళ్ల ముందే ఆ మాట ఇంకొకరి కాగితాల్లో పడింది. ఆస్ట్రేలియాలో అలెగ్జాండర్ షేన్ 1950, 51లో తీసిన పాత రికార్డులు బయటికి తీసి చూస్తే గురుడి గోల అందులో శుభ్రంగా ఉంది. ఎవరూ పట్టించుకోలేదంతే.

ఆ గోల గురుడి ధ్రువాల మీద వెలిగే అరోరాల తాలూకు చప్పుడని తెలియడానికి చాలాకాలం పట్టింది. ధ్రువాల వైపు దూసుకెళ్లే ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల చుట్టూ మెలికలు తిరుగుతూ రేడియో తరంగాలు విడుస్తాయి. అవే ఎలక్ట్రాన్లు కింద వాతావరణాన్ని కొడితే వెలుగు పుడుతుంది. కాబట్టి గురుడి అరోరా చరిత్రలో వినడం ముందు, చూడటం తరవాత. ఆ రెంటికీ మధ్య 24 ఏళ్లు గడిచాయి.

భూమి మీద అరోరాలకి మూలం మనకి తెలిసిందే. సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం, అంటే సౌరపవనం, భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపితే ధ్రువాల దగ్గర ఆకాశం వెలుగుతుంది. 2024 మే 10 రాత్రి పెద్ద సౌర తుపాను వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎర్రబారింది. సూర్యుడు ఉగ్రుడైతే వెలుగు పెరుగుతుంది, శాంతిస్తే తగ్గుతుంది. భూమికి సంబంధించినంతవరకూ లెక్క దాదాపు ఇంతే. గురుడి దగ్గర కూడా ఇదే లెక్క పనిచేస్తుందని మొదట్లో అనుకోవడంలో వింతేమీ లేదు. కాకపోతే గురుడు సూర్యుడికి మనకన్నా అయిదు రెట్లకి పైగా దూరంలో ఉన్నాడు. అక్కడికి చేరేసరికి సౌరపవనం పలచబడి ఇక్కడి సాంద్రతలో 27వ వంతుకి పడిపోతుంది. అంత బక్కచిక్కిన గాలి, సౌరమండలంలోకెల్లా పెద్ద అరోరాని ఎలా వెలిగిస్తుంది?

ఈ అనుమానానికి మొదటి ఆధారం 1964లో దొరికింది. ఆస్ట్రేలియాలో ఇ.కె. బిగ్ గురుడి రేడియో పేలుళ్ల వేళల్ని, ఉపగ్రహాల స్థానాలతో పోల్చి చూశాడు. అయో అనే ఉపగ్రహం కక్ష్యలో రెండు ప్రత్యేక స్థానాలకి వచ్చినప్పుడల్లా పేలుళ్లు జోరెత్తుతున్నాయి. అయో మన చందమామ కన్నా కాస్త పెద్దది, 42 గంటల చిల్లరలో గురుడి చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తిచేస్తుంది. అంత చిన్న రాతిగోళం, తనకన్నా వేల రెట్లు బరువైన గ్రహం చేత ఎలా మాట్లాడిస్తోందో ఎవరికీ అర్థం కాలేదు. 1969లో పీటర్ గోల్డ్‌రైక్, డొనాల్డ్ లిండెన్-బెల్ దానికి జవాబిచ్చారు. గురుడితో పాటు గిర్రున తిరిగే అయస్కాంత క్షేత్రంలో అయో మెల్లగా కదులుతోంది కాబట్టి అది ఒక జనరేటర్ అవుతుందన్నారు. అయో ఆ చివరి నుంచి ఈ చివరికి దాదాపు 4 లక్షల వోల్టులు పుడతాయి. అయస్కాంత రేఖల వెంట లక్షల ఆంపియర్ల కరెంటు గురుడి ధ్రువ ప్రాంతాలకి దిగుతుంది.

1973 డిసెంబర్‌లో పయొనీర్ 10, మరుసటి డిసెంబర్‌లో పయొనీర్ 11 గురుడి పక్కనుంచి వెళ్లి అయస్కాంత క్షేత్రాన్ని స్వయంగా కొలిచాయి. అయస్కాంత భ్రామకం లెక్కన చూస్తే గురుడు భూమి కన్నా దాదాపు 20 వేల రెట్లు బలమైన అయస్కాంతం.

ఆ తరవాత 1979 వచ్చింది. ఈ చరిత్రలో అంత కిక్కిరిసిన సంవత్సరం ఇంకొకటి లేదు. మార్చి 5న వాయేజర్ 1 గురుడిని దాటింది. దాని అతినీలలోహిత పరికరం ధ్రువాల దగ్గర హైడ్రోజన్ వెలుగుని పట్టుకుంది. చీకటి వైపు తీసిన ఫొటోల్లో అరోరా సన్నటి వంపుగా కనిపించింది. మరో మూడు రోజులకి, వెనుదిరిగి చూస్తూ తీసిన ఫొటోలో అయో అంచు మీద గొడుగులాంటి మసక ఆకారం ఒకటి పడింది. నక్షత్రాల స్థానాలు సరిచూస్తున్న జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ ఇంజినీరు లిండా మొరాబిటో దాన్ని గమనించింది. అది నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతం. అంతకు కొద్ది రోజుల ముందే స్టాంటన్ పీల్, ఆయన సహచరులు గురుడి ఆకర్షణలో పడి నలుగుతున్న అయో లోపల కరిగిపోయి ఉండాలని లెక్కగట్టి అచ్చువేయించారు. జోస్యం చెప్పిన వారంలోపే రుజువు దొరకడం సైన్సులో అరుదు.

అగ్నిపర్వతాలకీ అరోరాకీ లంకె ఏమిటంటారా? అయో నోటినుంచి వచ్చే గంధకపు వాయువులో కొంత అంతరిక్షంలోకి జారిపోతుంది. అక్కడ విద్యుదావేశం పొంది ప్లాస్మాగా మారి, అయో కక్ష్య పొడవునా పెద్ద వలయంలా చుట్టుకుంటుంది. ఇలా సెకనుకి సుమారు ఒక టన్ను సరుకు చేరుతూ ఉంటుంది. భూమికి సూర్యుడు పంపితేనే కణాలు. గురుడికి ఆ సరుకు సొంత ఇంట్లోనే తయారవుతుంది.

ఆ సరుకు వెలుగుగా ఎలా మారుతుందన్న వివరణ అదే 1979లో థామస్ హిల్ ఇచ్చిన సిద్ధాంతం నుంచి మొదలైంది. కవ్వంతో మజ్జిగ చిలికేటప్పుడు కవ్వాన్ని అంటుకున్న మజ్జిగ దాంతో సమానంగా తిరుగుతుంది, కుండ అంచు దగ్గరిది వెనకబడుతుంది. గురుడు పది గంటలలోపే తన చుట్టూ తాను తిరుగుతాడు. ఆయన అయస్కాంత క్షేత్రం అయో నుంచి వచ్చిన ప్లాస్మాని కూడా అదే వేగంతో తిప్పాలని చూస్తుంది. దగ్గరగా ఉన్నంతసేపూ ప్లాస్మా మాట వింటుంది. బయటికి జరిగేకొద్దీ వెనకబడుతూ, గురుడి వ్యాసార్థానికి ఇరవై ముప్ఫై రెట్ల దూరంలో ఆ వేగాన్ని అందుకోలేక చేతులెత్తేస్తుంది. దాన్ని ముందుకు తొయ్యడానికి గ్రహానికీ ప్లాస్మాకీ మధ్య అయస్కాంత రేఖల వెంట భారీ కరెంటు పారుతుంది. ఆ కరెంటుని మోసే ఎలక్ట్రాన్లు ధ్రువాల దగ్గర హైడ్రోజన్ మీద పడి వెలిగిస్తాయి. గురుడి ప్రధాన అరోరా వలయం ఇదే. 2001లో స్టాన్లీ కౌలీ, ఎమ్మా బన్స్, విడిగా హిల్ కూడా ఈ బొమ్మకి పూర్తి రూపం ఇచ్చారు.

వెలుగుని చూసే పని కూడా ఈలోగా చాలా మెరుగుపడింది. ఇక్కడ ఒక చిన్న అణువు కథ చెప్పుకోవాలి. మూడు హైడ్రోజన్ పరమాణువులు కలిసి, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే ఏర్పడే అయాన్ అది. ప్రయోగశాలలో దాని ఉనికిని 1911లోనే జె.జె. థామ్సన్ గుర్తించాడు. దాని పరారుణ వర్ణపటాన్ని మాత్రం 1980లో కెనడాలో తకేషి ఓకా మొదటిసారి రాబట్టాడు. 1988లో పియర్ ద్రోసార్ బృందం హవాయీ దీవుల్లోని మౌనా కీ శిఖరం మీదినుంచి గురుడి ధ్రువాల వర్ణపటం తీస్తే, అందులో ఎవరూ గుర్తుపట్టలేని గీతలు కనిపించాయి. పోల్చి చూసుకుంటే అవి ఈ అయాన్‌వే. ప్రయోగశాల బయట, విశ్వంలో దాన్ని కనుక్కున్న మొదటి చోటు గురుడి అరోరా.

ఈ అయాన్ ఖగోళ శాస్త్రజ్ఞులకి పెద్ద వరమైంది. అది వెలిగే పరారుణ తరంగాల్లో కొన్నిటి దగ్గర గురుడి మీది మీథేన్ సూర్యకాంతిని మింగేస్తుంది. గ్రహం మొత్తం నల్లగా మాసిపోయి, రెండు ధ్రువాలు మాత్రం నిప్పుకణాల్లా కనిపిస్తాయి. పగలూ రాత్రీ తేడా లేకుండా భూమి మీదినుంచే అరోరాని చూడొచ్చు. 1993లో జాక్ కానర్నీ బృందం ఇలాంటి చిత్రాల్లోనే ప్రధాన వలయానికి బయట, విడిగా మెరుస్తున్న ఒక చుక్కని చూపించింది. అయో నుంచి దిగిన కరెంటు వాతావరణాన్ని తాకే చోటు అది. బిగ్ కాగితం మీద పట్టుకున్న సంబంధం 29 ఏళ్ల తరవాత కంటికి కనబడింది. 2002లో హబుల్ టెలిస్కోప్ చిత్రాల ఆధారంగా గురుడి మరో రెండు ఉపగ్రహాలు గానిమీడ్, యూరోపాల అడుగుజాడలు కూడా దొరికాయి. నాలుగోది కలిస్టో. దాని గుర్తు మరీ మసక. పైగా ప్రధాన వలయం కాంతిలో కలిసిపోతుంది. జూనో వ్యోమనౌక సేకరించిన సమాచారంలో అది కూడా ఉన్నట్టు 2025లో తేలింది.

హబుల్ చిత్రాల్లో ఇంకో విశేషం ఉంది. భూమి మీద అరోరా వలయం సూర్యుడి దిక్కుని బట్టి నిలుస్తుంది, దాని కింద భూమి తిరుగుతూ పోతుంది. గురుడి ప్రధాన వలయం అలా కాదు, గ్రహంతో పాటే తిరుగుతుంది. ఇంజిన్ లోపలే ఉందని చెప్పడానికి ఇంతకన్నా సూటి ఆధారం అక్కర్లేదు.

వెలుగు ఎక్కడినుంచి వస్తోందో తెలిసింది సరే. అది ఎందుకు ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు? అసలు చిక్కు ఇక్కడ మొదలైంది.

సిద్ధాంతం చెప్పేదాని ప్రకారం, సౌరపవనం ఒక్కసారి బలంగా వీచి గురుడి అయస్కాంత క్షేత్రం పరుచుకున్న ప్రాంతాన్ని, అంటే అయస్కాంతావరణాన్ని నొక్కితే, అందులోని ప్లాస్మా లోపలికి జరుగుతుంది. లోపలికి జరిగితే వేగం పుంజుకుంటుంది. వేగం పుంజుకుంటే గ్రహంతో తేడా తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది, ప్రధాన వలయం మసకబారుతుంది. అంటే సౌర తుపాను వస్తే భూమి అరోరా మండుతుంది, గురుడి అరోరా చల్లారుతుంది. 2001లో కౌలీ, బన్స్ ఒకవైపు, డేవిడ్ సౌత్‌వుడ్, మార్గరెట్ కివెల్సన్ మరోవైపు ఈ మాటే చెప్పారు. తర్కం పకడ్బందీగా ఉంది. పరీక్షించడమే తరవాయి.

పరీక్షించడం మాత్రం చెప్పినంత తేలిక కాదు. టెలిస్కోప్ ఎంత పెద్దదైనా అరోరా వెలుగునే చూడగలదు. ఆ క్షణాన సౌరపవనం గురుడి దగ్గర ఎలా ఉందో చెప్పలేదు. భూమి దగ్గర కొలిచి, అక్కడికి చేరేసరికి ఎలా ఉంటుందో లెక్కగట్టవచ్చు, కానీ ఆ లెక్క ఒకటి రెండు రోజులు అటూఇటూ అవుతుంది. గంటల్లో మారే వెలుగుకి ఆ లెక్క పనికిరాదు. గురుడి ముంగిట్లో ఒక నౌక ఉండి గాలిని కొలుస్తూ ఉండాలి, అదే సమయంలో మరొకటి వెలుగుని చూస్తూ ఉండాలి. అలాంటి ముహూర్తం ఎప్పుడో గానీ కుదరదు. గురుడి మీద కాపలా చరిత్రంతా ఒక రకంగా ఈ ముహూర్తాల చరిత్రే.

మొదటిది 2000 చివర్లో వచ్చింది. శని గ్రహానికి వెళ్తున్న కాసిని డిసెంబర్ 30న గురుడి పక్కనుంచి సాగిపోయింది. అప్పటికే గెలీలియో నౌక గురుడి చుట్టూ తిరుగుతోంది. కాసిని బయట గాలిలో, గెలీలియో లోపల. సౌరపవనంలో ఆఘాత తరంగాలు వచ్చినప్పుడల్లా గురుడి రేడియో గోల పెరిగిందని, అతినీలలోహిత వెలుగు కూడా ఎక్కువైందని డొనాల్డ్ గర్నెట్ బృందం 2002లో రాసింది. సిద్ధాంతం తగ్గుతుందన్నది, పరికరాలు పెరిగిందన్నాయి.

ఆ డిసెంబర్ నెలలోనే చంద్రా ఎక్స్‌రే టెలిస్కోప్ ఇంకో వింత చూపించింది. గురుడి ఉత్తర ధ్రువం దగ్గర ఎక్స్‌రే మచ్చ ఒకటి దాదాపు 45 నిమిషాలకొకసారి మినుకుమంటోంది. గడియారం పెట్టుకున్నట్టు మెరిసే ఈ వెలుగుకి కారణం తెలియడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 2017 జూలైలో జూనో లోపలా, ఎక్స్‌ఎంఎం-న్యూటన్ టెలిస్కోప్ బయటా ఒకేసారి కాపలా కాశాయి. అయస్కాంత క్షేత్రం కుదించుకుపోతూ వదులవుతూ ఉన్నప్పుడు పుట్టే తరంగాల మీద, అయో నుంచి వచ్చిన ఆక్సిజన్, గంధకం అయాన్లు సవారీ చేస్తూ ధ్రువాల మీద పడుతున్నాయని ఝాంగ్‌హువా యావ్ బృందం 2021లో చూపించింది. అక్కడ కూడా సరుకు అయోదే.

రెండో ముహూర్తం 2007. ప్లూటోకి వెళ్లే న్యూ హొరైజన్స్ ఫిబ్రవరి 28న గురుడిని దాటాల్సి ఉంది. హబుల్‌లో అతినీలలోహిత పరికరాల్లో ఒకటి 2004లోనే మూలపడింది. రెండోది సరిగ్గా నెల ముందు, జనవరి చివర్లో ఆగిపోయింది. అందులో ఒక్క భాగాన్ని మాత్రం ఇంజినీర్లు ఫిబ్రవరిలో తిరిగి లేపగలిగారు. అదృష్టవశాత్తూ అరోరాలు చూడటానికి పనికొచ్చే భాగం అదే. దానితో తీసిన చిత్రాల్లో కూడా గాలి ఒత్తిడి పెరిగినప్పుడు వెలుగు పెరిగింది.

మూడోది 2016. గురుడి కక్ష్యలో దిగబోతున్న జూనో అప్పటికి ఇంకా బయటి సౌరపవనంలోనే ఉంది. హబుల్ నెలకి పైగా అరోరాని దాదాపు రోజూ చూసింది. ఆ జూన్ 30న విడుదలైన నీలి అరోరా చిత్రం పత్రికలన్నిటిలో వచ్చింది, పాఠకులకి గుర్తుండే ఉంటుంది. సౌరపవనం అయస్కాంతావరణాన్ని నొక్కినప్పుడు ప్రధాన వలయం ప్రకాశించిందని మరుసటి ఏడాది జొనాథన్ నికొల్స్ బృందం ఖరారు చేసింది. కవ్వం బొమ్మ వెలుగు పుట్టుకని చక్కగా చెబుతుంది గానీ, కుదుపు తగిలినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఆ బొమ్మ చాలదు.

అలాగని గురుడి వెలుగు సూర్యుడి చేతిలోకి వెళ్లిపోయిందని కూడా అనుకోకూడదు. ఆ పొరపాటు పడకుండా చూసింది జపాన్. 2013 సెప్టెంబర్ 14న ఉచినౌరా కేంద్రం నుంచి హిసాకి అనే చిన్న ఉపగ్రహాన్ని పంపారు. హబుల్‌ని వాడుకోవడానికి ప్రపంచమంతా క్యూ కడుతుంది, ఎవరికైనా దొరికేది కొన్ని గంటలే. హిసాకి పని గ్రహాల్ని చూడటమే. రోజులూ వారాలూ నెలలూ గురుడి వంకే చూస్తూ కూర్చుంది. దాని చిత్రాల్లో అందం ఏమీ లేదు, ఉన్నదల్లా వెలుగు ఎంతో చెప్పే అంకెల వరస. ఆ వరసలోనే 2014లో, సౌరపవనం నెమ్మదిగా ఉన్న రోజుల్లో కూడా అరోరా ఉన్నట్టుండి భగ్గుమని కొన్ని గంటల్లో చల్లారడం కనిపించింది. అయో నుంచి చేరిన ప్లాస్మా పేరుకుని, అయస్కాంతావరణం తనంతట తాను దాన్ని విదిలించుకుంటోందన్న మాట. 2015 తొలి నెలల్లో అయో మీద పెద్ద విస్ఫోటం జరిగింది. ముందు ప్లాస్మా వలయం ప్రకాశించింది, తరవాత అరోరా భగ్గుమనడం ఎక్కువైంది. అగ్నిపర్వతం బద్దలవడానికీ ధ్రువం వెలగడానికీ మధ్య కొన్ని వారాల ఎడం. ఏళ్ల తరబడి చూస్తే గానీ ఇలాంటివి దొరకవు. హిసాకి 2023 డిసెంబర్‌లో పని విరమించింది. పేరు పెద్దగా ఎవరికీ తెలియదు గానీ, వెలుగు మార్పుల గురించి హబుల్‌కి ఏమాత్రం తీసిపోని సాక్ష్యం ఇచ్చింది.

జూనో ధ్రువాల మీదుగా ఎగురుతుంది కాబట్టి మరో అపోహని పోగొట్టింది. భూమి మీద గాఢమైన అరోరాలకి పైన కొన్ని వేల వోల్టుల విద్యుత్ పీడనం ఎలక్ట్రాన్లని తోస్తుంది. గురుడి మీద అది 4 లక్షల వోల్టుల దాకా ఉందని జూనో కొలిచింది. ఇంతవరకూ ఊహించిందే. కానీ అన్నిటికన్నా ప్రకాశవంతమైన అరోరాలు ఈ పీడనం వల్ల వచ్చేవి కావు. అల్లకల్లోలంగా ఉన్న తరంగాల మధ్య ఎలక్ట్రాన్లు చిందరవందరగా వేగం పుంజుకుని పడటం వల్ల వస్తున్నాయి. బ్యారీ మాక్ బృందం 2017లో ఈ సంగతి రాసింది. ఉదయం వైపు అరోరా ఒక్కసారి ఉబ్బి వెలిగే ప్రభాత తుపానుల్ని హబుల్ 1994 నుంచే చూస్తోంది. అవి మొదలయ్యేది చీకటి వైపు. అటు వైపు భూమి దగ్గరి టెలిస్కోప్‌లకి ఎప్పుడూ కనబడదు. జూనో పైనుంచి చూసింది కాబట్టి పుట్టుక దగ్గరనుంచి కనిపించింది. భూమి అరోరాల్లో వచ్చే ఉప తుపానులకీ వాటికీ దగ్గరి పోలిక ఉందని 2021లో బెర్‌త్రాం బోఁఫోన్ బృందం తేల్చింది. భూమి లెక్క గురుడికి పనికిరాదని అందరూ ఒప్పుకున్న తరవాత, అందులో కొంత పనికొస్తుందని తేలడం తమాషా.

మిగిలిన పెద్ద గ్రహాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. శని గురుడికీ భూమికీ మధ్యస్థం. 2004 జనవరిలో కాసిని శని వైపు వెళ్తూ గాలిని కొలుస్తుంటే, హబుల్ రెండు రోజులకొకసారి చొప్పున అరోరా చిత్రాలు తీసింది. ఆ నెలాఖరున ఆఘాత తరంగం తగలగానే శని అరోరా బాగా ప్రకాశించింది, వలయం ధ్రువం వైపు ముడుచుకుంది. భూమి మీద ఇలాంటి తుపానులో వలయం బయటికి విస్తరిస్తుంది. యురేనస్ అరోరాని 1986 జనవరిలో వాయేజర్ 2 చూసింది. 2011లో సౌర తుపాను అక్కడికి చేరే రోజులు లెక్కగట్టి, లోరాఁ లామీ బృందం హబుల్‌తో రెండు మసక మచ్చల్ని పట్టుకుంది. ఆ అరోరాలని ఏళ్ల తరబడి వెంబడించిన ఫలితంగా 2025లో యురేనస్ రోజు పొడవు 17 గంటల 14 నిమిషాల 52 సెకన్లని తేలింది. వాయేజర్ చెప్పినదానికన్నా 28 సెకన్లు ఎక్కువ.

నెప్ట్యూన్ కథ వేరు. 1989లో వాయేజర్ 2 ఆచూకీ చెప్పినా, తరవాత ముప్ఫై ఏళ్లకి పైగా ఎంత వెతికినా దాని పరారుణ అరోరా దొరకలేదు. 2023 జూన్‌లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూశాక కారణం తెలిసింది. వాయేజర్ వెళ్లినప్పటికన్నా నెప్ట్యూన్ పై వాతావరణం కొన్ని వందల డిగ్రీలు చల్లబడింది. మూడు హైడ్రోజన్‌ల అయాన్ వేడిగా ఉంటేనే బాగా వెలుగుతుంది. సూర్యుడి ప్రమేయం గానీ, అగ్నిపర్వతాల ప్రమేయం గానీ లేకుండా, గాలి చల్లబడినంత మాత్రాన అరోరా మాయమైపోయిందన్న మాట. అందుకే వెలుగు తగ్గిందంటే పైనుంచి పడే ఎలక్ట్రాన్లు తగ్గాయని వెంటనే తీర్మానించడం ప్రమాదం.

అదే వెబ్ 2023 డిసెంబర్ 25న గురుడి వైపు తిరిగింది. క్రిస్మస్ రోజు ఆ పని చేయించింది 2016లో హబుల్ పరిశీలనకి నాయకత్వం వహించిన నికొల్సే. ఫలితాలు 2025 మేలో వచ్చాయి. వెలుగు పావుగంట వ్యవధిలో నెమ్మదిగా మారుతుందని ఆయన అనుకున్నాడు. తీరా చూస్తే అరోరా ప్రాంతమంతా సెకన్ల వ్యవధిలో చిటపటలాడుతోంది. అంతకన్నా చిక్కు ఇంకోటి ఉంది. అదే సమయంలో హబుల్ కూడా చూస్తోంది. వెబ్‌కి అన్నిటికన్నా ప్రకాశంగా కనిపించిన మెరుపులకి, హబుల్ చిత్రాల్లో జోడీయే లేదు. రెండు కళ్లూ ఒకే చోటు చూశాయి, ఒక కంటికి మంట, ఇంకో కంటికి ఖాళీ. అది సాధ్యం కావాలంటే అతి తక్కువ శక్తి గల ఎలక్ట్రాన్లు లెక్కకి మించి కురవాలి, అలా జరగడానికి వీల్లేదని నిన్నటిదాకా అనుకున్నారు.

సెనెకా పొలంలో మొదలైన ఈ పనికి తరవాతి ముహూర్తం ఖరారై ఉంది. 2024 అక్టోబర్ 14న బయల్దేరిన అమెరికా నౌక యూరోపా క్లిప్పర్ 2030 ఏప్రిల్‌లో గురుడిని చేరుతుంది. 2023 ఏప్రిల్ 14న యూరప్ పంపిన జ్యూస్ 2031 జూలైలో చేరుతుంది. రెంటి మీదా అతినీలలోహిత పరికరాలున్నాయి.